ఖాళీ సెల్ ఉంటే ఫలితం తప్పుగా వస్తోంది, మీరు ఫార్ములా ఎలా రాస్తున్నారు?

మార్కుల_రిజిస్టర్:
అందరికీ నమస్కారం. మా స్కూల్లో తొమ్మిదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షల మార్కులు ఎక్సెల్‌లో వేస్తున్నాను. కాలమ్ 'ఏ' లో రోల్ నంబరు, బి లో పేరు, సి నుంచి హెచ్ వరకు ఆరు సబ్జెక్టులు. ఒక్కొక్కటి 100కి, ప్రతి దాంట్లో 35 వస్తేనే పాస్. ఫలితానికి పెట్టిన ఫార్ములా ఇది (ఇక్కడ తెలుగులో రాశాను, షీట్‌లో ఇంగ్లీషులోనే కొట్టాలి):

=ఇఫ్(మిన్(సి2:హెచ్2)>=35,"పాస్","ఫెయిల్")

సోషల్ పరీక్ష రాయని అమ్మాయికి "పాస్" చూపిస్తోంది. ఆ సెల్ ఖాళీగా ఉంది, మిగతా ఐదింట్లో మంచి మార్కులే. పేర్లే లేని కింది వరసలకేమో "ఫెయిల్" వస్తోంది. ఒకచోట ఖాళీని వదిలేస్తుంది, ఇంకోచోట సున్నా అనుకుంటుంది. ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చేలోపు సరిచేయాలి, టెన్షన్‌గా ఉంది.

బెజవాడ_అకౌంట్స్:
మాస్టారూ, ఈ రెండూ మిన్ పద్ధతే. రేంజ్‌లో ఖాళీ సెల్ ఉంటే మిన్ దాన్ని లెక్కలోకి తీసుకోదు, ఉన్న ఐదు మార్కుల్లో చిన్నది చూస్తుంది. అందుకే ఆ అమ్మాయి పాస్. రేంజ్‌లో ఒక్క అంకె కూడా లేకపోతే మిన్ సున్నా ఇస్తుంది. అందుకే ఖాళీ వరసలు ఫెయిల్.

సగటు కాలమ్ కూడా చూసుకోండి. ఆవరేజ్ కూడా ఖాళీని వదిలేస్తుంది. ఐదు సబ్జెక్టుల్లో 70 చొప్పున వచ్చి ఆరోది రాయకపోతే సగటు 70 అనే చూపిస్తుంది. ఆరుతో భాగిస్తే 58.33. ఆరూ రాసి 66 తెచ్చుకున్న పిల్లవాడు ర్యాంకులో ఆ అమ్మాయి వెనక్కి పోతాడు. అది పిల్లవాడికి అన్యాయం.

ముందు ఆరు మార్కులూ ఉన్నాయో లేదో చూసి, తర్వాతే పాస్ ఫెయిల్ తేల్చాలి:

=ఇఫ్(కౌంట్(సి2:హెచ్2)<6,"అసంపూర్తి",ఇఫ్(మిన్(సి2:హెచ్2)>=35,"పాస్","ఫెయిల్"))

కౌంట్ అంకెల్ని మాత్రమే లెక్కపెడుతుంది. కౌంట్‌ఏ వాడొద్దు, అది సెల్‌లో ఏమున్నా లెక్కపెడుతుంది.

పాలకేంద్రం_గుమాస్తా:
మా దగ్గరా ఇదే గొడవ, కాకపోతే తిరగబడి. రైతు సాయంత్రం పాలు పోయకపోతే మా కుర్రాడు లీటర్ల దగ్గర 0, వెన్న శాతం దగ్గర కూడా 0 కొట్టేవాడు. 6.2, 6.4 ఉన్న రైతుకు ఒక పూట 0 పడితే సగటు 4.2కి దిగిపోతుంది. ఖాళీగా వదిలితే 6.3. రేటు వెన్న మీదే కట్టాలి కదా, డబ్బులు తగ్గితే రైతు ఊరుకుంటాడా?

ఇప్పుడు పాలు పోయని పూట వెన్న సెల్ ఖాళీగానే ఉండాలని చెప్పాను. సగటు కూడా మామూలు ఆవరేజ్‌తో తీయడం లేదు. ఎక్కువ పాలు పోసిన పూటకు ఎక్కువ విలువ ఉండాలి (సి లో లీటర్లు, డి లో వెన్న శాతం):

=సమ్‌ప్రొడక్ట్(సి2:సి31,డి2:డి31)/సమ్(సి2:సి31)

మధ్యలో కామానే పెట్టండి. గుణకారం గుర్తు పెడితే, ఖాళీ మాటను ఇచ్చే ఫార్ములా రేంజ్‌లో ఒక్కటున్నా #వాల్యూ! అనే ఎర్రర్ వస్తుంది. కామా ఉంటే అంకె కానిదాన్ని సున్నాగా తీసుకుంటుంది.

మార్కుల_రిజిస్టర్:
చాలా థాంక్స్ అండి. కౌంట్ పెట్టాక సోషల్ సమస్య పోయింది. కానీ హిందీ మార్కులు హిందీ మేడమ్ షీట్ నుంచి =హిందీ!సి2 అని తెచ్చుకుంటున్నాను. అక్కడ ఖాళీగా ఉన్నది నా దగ్గర 0 అయి వస్తోంది. ఆ సున్నాని కౌంట్ లెక్కపెడుతోంది, పిల్లవాడు ఫెయిల్ అవుతున్నాడు. ఆ మేడమ్ ఇంకా పేపర్లు దిద్దుతున్నారు, అంతే.

రాత్రి_షిఫ్ట్_డేటా:
ఖాళీ సెల్‌ను నేరుగా తెచ్చుకుంటే ఎక్సెల్ 0 ఇస్తుంది. వేరే పట్టికలో వెతికి తెచ్చే వీలుకప్, ఎక్స్‌లుకప్ కూడా అంతే. ఎక్స్‌లుకప్‌లో "దొరక్కపోతే ఏం చూపాలి" అనే చోటు ఉంది కదా, అది ఇక్కడ పనికిరాదు. రోల్ నంబరు దొరికింది, ఎదురుగా ఉన్న సెల్ ఖాళీ, అంతే తేడా.

=ఇఫ్(హిందీ!సి2="","",హిందీ!సి2)

కొంతమంది చివర &"" తగిలిస్తారు. చూడ్డానికి సున్నా పోతుంది కానీ 67 అనే అంకె "67" అనే మాటగా మారిపోతుంది, సమ్ దాన్ని కలపదు. పేర్లకు, ఊళ్లకు పర్వాలేదు. మార్కులకు, డబ్బుకు వద్దు.

ఇంకొకరు ఎక్సెల్ ఆప్షన్స్‌లోకి వెళ్లి సున్నాలు కనపడకుండా టిక్ తీసేయమంటారు. అది కంటికి మాత్రమే. సెల్‌లో సున్నా అలాగే ఉంటుంది. పైగా నిజంగా సున్నా తెచ్చుకున్న పిల్లవాడి మార్కు కూడా మాయమవుతుంది.

కొత్త_యూజర్_నల్గొండ:
ఇవన్నీ ఎందుకు, మొత్తం ఫార్ములాను ఇఫ్‌ఎర్రర్‌లో పెట్టి ఎర్రర్ వస్తే "" అని రాస్తే సరిపోదా? నేను అలాగే చేస్తాను.

బెజవాడ_అకౌంట్స్:
సరిపోదు తమ్ముడూ. మాస్టారు చెప్పిన వాటిల్లో ఎర్రర్ ఎక్కడా రాలేదు చూడు. తప్పు ఫలితం శుభ్రంగా "పాస్" అని వచ్చింది. ఇఫ్‌ఎర్రర్ అక్కడ ఏం పట్టుకుంటుంది? ఇంకో సంగతి, ఎవరైనా 60 బదులు ఆరు పక్కన ఇంగ్లీషు ఓ అక్షరం కొడితే, ప్లస్ పెట్టి కూడిన మొత్తంలో #వాల్యూ! వస్తుంది. అది మనకు మంచి చేసే ఎర్రర్. ఇఫ్‌ఎర్రర్ పెడితే అదీ కనపడకుండా పోతుంది, సెల్ ఖాళీగా ఉందిలే అనుకుంటాం.

నాకు ఈ పట్టుదల బిల్లుల దగ్గర వచ్చింది. డి లో బిల్లు తేదీ, ఇ లో డబ్బు కట్టిన తేదీ. ఎన్ని రోజులకు కట్టామో తెలియాలంటే ఇ నుంచి డి తీసేయాలి. ఇంకా కట్టని బిల్లుకు ఇ ఖాళీ. 15-04-2025 నాటి బిల్లుకు మైనస్ 45762 రోజులు వస్తుంది. ఎందుకంటే ఎక్సెల్‌కు తేదీ అంటే అంకె, ఖాళీ అంటే సున్నా. "45 కంటే ఎక్కువైతే ఎర్ర రంగు" అని పెట్టుకుంటే మైనస్ అంకె దానికి దొరకదు. కట్టని బిల్లే కదా మనకు ముందు కనపడాల్సింది!

2024-25 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) సెక్షన్ వచ్చాక ఇది ఇంకా ముఖ్యమైంది. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో కట్టాలి. గడువు దాటినది కట్టిన ఏడాదిలోనే ఖర్చుగా ఒప్పుకుంటారు. నేను ఇలా రాస్తాను:

=ఇఫ్(డి2="","",ఇఫ్(ఇ2="",టుడే(),ఇ2)-డి2)

బిల్లు తేదీ లేకపోతే ఏమీ చూపదు. కట్టిన తేదీ లేకపోతే ఈ రోజు వరకు లెక్కేస్తుంది. ఇక్కడ ఖాళీ అంటే "ఇంకా బాకీ" అని అర్థం, అందుకే దాచడం లేదు.

రాత్రి_షిఫ్ట్_డేటా:
పుట్టిన తేదీల దగ్గరా అంతే. పుట్టిన తేదీ ఖాళీగా ఉంటే, రెండు తేదీల మధ్య ఏళ్లు లెక్కేసే డేటెడ్‌ఇఫ్ 2025లో 125 ఏళ్ల వయసు చూపిస్తుంది. పెన్షన్ లిస్టు లాంటివి చేసేవాళ్లు జాగ్రత్త.

మార్కుల_రిజిస్టర్:
మీరు చెప్పినట్టు హిందీకి ఇఫ్ పెట్టాను, సున్నాలు పోయాయి. ఆరు సబ్జెక్టుల మొత్తం వేసే ఐ కాలమ్‌లో కూడా, ఆరు లేకపోతే "" వచ్చేలా రాశాను. ఇప్పుడు గ్రేడ్ కాలమ్‌లో కొత్త చిక్కు. 600కి 546 లేదా అంతకంటే ఎక్కువ వస్తే ఏ1 గ్రేడ్ అని ఉంది. మొత్తం ఖాళీగా ఉన్న పిల్లలందరికీ ఏ1 వస్తోంది!

రాత్రి_షిఫ్ట్_డేటా:
దీన్ని కొంచెం వివరంగా చెప్తాను, చాలామంది ఇక్కడే పడతారు.

ఎక్సెల్‌లో ఖాళీ రెండు రకాలు. ఒకటి, సెల్‌లో నిజంగా ఏమీ లేదు. రెండు, ఫార్ములా ఉంది కానీ అది "" ఇచ్చింది. రెండోది ఎక్సెల్ దృష్టిలో మాట, అక్షరాలు లేని మాట. అంకెను మాటతో పోలిస్తే ఎక్సెల్ ఎప్పుడూ మాటే పెద్దది అంటుంది. కాబట్టి "" అనేది 546 కంటే పెద్దది, ఏ1 వచ్చేస్తుంది. మార్కు దగ్గర "ఏబి" అని రాసి, ఆ ఒక్క సెల్‌ను 35తో పోల్చినా ఇదే జరుగుతుంది. గైర్హాజరైనవాడు పాస్. నిజంగా ఖాళీగా ఉన్న సెల్‌ను 35తో పోలిస్తే సున్నా కింద లెక్క, ఫెయిల్.

ఈజ్‌బ్లాంక్ మొదటి రకానికే అవును అంటుంది. ఐ2="" అని అడిగితే రెండింటికీ అవును. కౌంట్‌బ్లాంక్ రెండింటినీ ఖాళీగానే లెక్కపెడుతుంది, కౌంట్‌ఏ మాత్రం రెండో రకాన్ని నిండినదిగా లెక్కపెడుతుంది. అందుకే ఒకే కాలమ్‌కు కౌంట్‌ఏ, కౌంట్‌బ్లాంక్ కలిపితే వరసల కంటే ఎక్కువ రావచ్చు, భయపడకండి.

గ్రేడ్‌కు ముందు అంకె ఉందా అని అడగండి:

=ఇఫ్(ఈజ్‌నంబర్(ఐ2),ఇఫ్(ఐ2>=546,"ఏ1",...),"")

చుక్కల దగ్గర మీ మిగతా గ్రేడ్లు. ర్యాంక్‌కు కూడా ఇదే ఈజ్‌నంబర్ చుట్టండి, లేకపోతే ఖాళీ వరసల్లో #వాల్యూ! వస్తుంది.

ఫార్ములాలు తీసేసి విలువలుగా పేస్ట్ చేసినా రెండో రకం ఖాళీ అలాగే ఉండిపోతుంది. పెద్ద నుంచి చిన్నకు సార్ట్ చేస్తే ఆ వరసలు పైకి వస్తాయి. నిజమైన ఖాళీలు ఎటు సార్ట్ చేసినా అడుగుకే పోతాయి. ఫిల్టర్‌లో బ్లాంక్స్ ఎంచుకుని ఒకసారి డిలీట్ కొడితే శుభ్రం.

పాలకేంద్రం_గుమాస్తా:
మూడో రకం కూడా ఉందండి, స్పేస్. చెరపడానికి డిలీట్ బదులు స్పేస్ బార్ కొట్టేవాళ్లు ప్రతి ఆఫీసులో ఉంటారు. ఖాళీగానే కనపడుతుంది, ="" పెడితే కాదంటుంది. అక్షరాలు లెక్కపెట్టే లెన్ పెట్టి చూస్తే 1 వస్తుంది. =ట్రిమ్(సి2)="" అని అడిగితే దొరుకుతుంది, ట్రిమ్ అదనపు స్పేస్‌లు తీసేస్తుంది.

రాత్రి_షిఫ్ట్_డేటా:
అవును. వెబ్ పేజీ నుంచి కాపీ చేసినవైతే ట్రిమ్‌కు లొంగని స్పేస్ ఉంటుంది, 160 నంబరు అక్షరం. సబ్‌స్టిట్యూట్(సి2,క్యార్(160),"") చేసి, ఆ పైన ట్రిమ్.

గూగుల్_షీట్స్_మేడమ్:
మా టీచర్లందరం గూగుల్ షీట్స్‌లో ఒకే ఫైల్ వాడతాం. అక్కడ "" రాయకుండా కామాల మధ్య ఏమీ పెట్టకపోతే నిజమైన ఖాళీయే వస్తుంది: =ఇఫ్(సి2="",,సి2). ఈ సౌకర్యం నాకు చాలా నచ్చింది. ఎక్సెల్‌లో ఇలాగే రాస్తే 0 వస్తుంది, కాబట్టి ఫైల్ అటూ ఇటూ మార్చేవాళ్లు చూసుకోండి.

మాస్టారూ, గైర్హాజరును ఖాళీగా వదలొద్దని నా సలహా. రాయలేదా, ఇంకా దిద్దలేదా అనేది ఖాళీ సెల్ చెప్పలేదు. పిల్లల తల్లిదండ్రులు అడిగినప్పుడు రెండింటికీ జవాబు వేరు.

మార్కుల_రిజిస్టర్:
మేడమ్ మాట నిజం. గైర్హాజరైతే "ఏబి" అని, దిద్దాల్సి ఉంటే ఖాళీ అని పెట్టుకుని ఇలా మార్చాను:

=ఇఫ్(బి2="","",ఇఫ్(కౌంట్‌ఇఫ్(సి2:హెచ్2,"ఏబి")>0,"గైర్హాజరు",ఇఫ్(కౌంట్(సి2:హెచ్2)<6,"మార్కులు రావాలి",ఇఫ్(మిన్(సి2:హెచ్2)>=35,"పాస్","ఫెయిల్"))))

అన్ని వరసలూ చేత్తో సరిచూశాను, సరిగ్గా వస్తున్నాయి. ఎవరైనా "ఏబి" బదులు గీత పెడితే?

బెజవాడ_అకౌంట్స్:
గీత పెడితే కౌంట్‌కు దొరకదు, "మార్కులు రావాలి" అని వస్తుంది, కాబట్టి తప్పు పాస్ మాత్రం రాదు. ముందే ఆపాలంటే, సెల్‌లో ఏం కొట్టొచ్చో నియమం పెట్టే డేటా వ్యాలిడేషన్‌లో కస్టమ్ ఎంచుకుని ఇది పెట్టండి:

=ఆర్(అండ్(ఈజ్‌నంబర్(సి2),సి2>=0,సి2<=100),సి2="ఏబి")

105 కొట్టినా, గీత పెట్టినా, స్పేస్ కొట్టినా తీసుకోదు. కాపీ చేసి పేస్ట్ చేస్తే మాత్రం ఇది ఆపలేదు, టైప్ చేసినప్పుడే పనిచేస్తుంది. మార్కులు చేత్తోనే కొట్టమని మిగతా టీచర్లకు ఒకమాట చెప్పండి.