ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డుల చెకింగ్ ఏఐకి అప్పజెప్పాలా? మన దగ్గర యూనిట్ వస్తే మన పిల్లలకు ఏం మిగులుతుంది?

హన్మకొండ_వాసి: మా అక్క కొడుకు ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ఆఖరి సంవత్సరం. మొన్న హైదరాబాద్ దగ్గర ఒక ఫ్యాక్టరీ చూసొచ్చి, "మామా, బోర్డులు చెక్ చేసే దగ్గర మనుషులను తీసేసి ఏఐ కెమెరా పెట్టారు" అన్నాడు. కేంద్రం 2025లో ఎలక్ట్రానిక్స్ విడిభాగాల తయారీకి 22,919 కోట్ల పథకం ప్రకటించి, నేరుగా 91,600 ఉద్యోగాలని చెప్పింది. రేపు మడికొండ వైపు ఇట్లాంటి యూనిట్ వస్తే పరిస్థితి ఏంటి? లైన్లో పనిచేసినవాళ్లు చెప్పండి.

రీఫ్లో_245: మాది కాజీపేట. పదకొండేళ్లుగా ప్రాసెస్ ఇంజినీర్‌ని. ఏఐ పెట్టాల్సిందే. ఏఓఐ అని కెమెరాతో చూసే చెకింగ్ మెషీన్ ఉంటుంది. పాతది మనం ఇచ్చిన కొలతతో ఫొటోను పోల్చి చూస్తుంది, అంతే. కొలత బిగిస్తే మంచి బోర్డును కూడా ఆపుతుంది, వదులు చేస్తే తప్పు దాటిపోతుంది. మా లైన్లో ఆగినవాటిలో ఎక్కువ మంచివే. వాటికి ఓకే నొక్కడానికే షిఫ్టుకు నలుగురు ఆడపిల్లలు కూర్చునేవాళ్లు. ఏఐ పెట్టాక ఇప్పుడు ఒక్కరు చాలు. చైనా, వియత్నాం ధరకు మనం ఇవ్వలేకపోతే ఆర్డర్లే రావు.

ములుగురోడ్: ముందు యూనిట్ రానీయండి.

రెండో_షిఫ్ట్: "ఓకే నొక్కడానికే" అన్నారు కాబట్టి రాస్తున్నాను. ఆ కుర్చీలో నేను తొమ్మిదేళ్లు కూర్చున్నాను. ఒక రాత్రి లైన్ మీదికి కెపాసిటర్ల కొత్త రీలు ఎక్కింది. కెపాసిటర్ అంటే బోర్డు మీద అతికించే చిన్న భాగం, చుట్టలో వస్తుంది. విలువ అదే, సైజు అదే, మిల్లీమీటరు పొడవు, అర మిల్లీమీటరు వెడల్పు. సప్లయర్ మారాడు, రంగు కొంచెం ముదురైంది. అంతే, మెషీన్ ప్రతి బోర్డునూ ఆపింది. స్క్రీన్ నిండా ఎర్ర డబ్బాలు. వాటిలో ఒక్కటి మాత్రం నిజం. ఒక కొస లేచి కెపాసిటర్ నిలువుగా నిలబడింది. మేము టూంబ్‌స్టోన్ అంటాం. పైనుంచి చూస్తే పక్కవాటికన్నా పొట్టిగా కనిపిస్తుంది, అంతే తేడా. దాన్ని పట్టుకుంది ఓకే నొక్కే ఆడపిల్లే.

రీఫ్లో_245: అక్కా, మీరు చెప్పింది పాత మెషీన్ సంగతి. ఏఐకి రెండు రంగులూ చూపిస్తే ఇక ఆపదు. మీ దగ్గర ఉత్త అలారాలు ఎంత శాతం ఉండేవి?

రెండో_షిఫ్ట్: చూపిస్తే అన్నారు. ఎవరు చూపించాలి?

రీఫ్లో_245: ఫొటోలకు లేబుల్ పెడితే నేర్చుకుంటుంది. శాతం చెప్పండి, దాన్ని బట్టి మాట్లాడదాం.

స్టార్టర్_బోర్డు: మాది ఇరవై మంది ఉన్న యూనిట్. బోరు మోటార్ల ఆటో స్టార్టర్ బోర్డులు చేస్తాం. ఒక మోడల్ రెండు వందలు చేసి ఇంకోదానికి మారతాం. అంత తక్కువలో తప్పు పడిన బోర్డులు నాలుగో అయిదో. వాటితో ఏఐకి ఏం నేర్పుతాం? ఫోన్లలా ఒకటే బోర్డు లక్షల్లో చేసేవాళ్లకు లాభం ఉంటుందేమో. అయినా తప్పుల్లో చాలావరకు సోల్డర్ పేస్ట్ ప్రింటింగ్ దగ్గరే, అంటే భాగాలు అతికే పేస్ట్‌ను బోర్డు మీద పూసే దగ్గరే పుడతాయి. ఆ పేస్ట్ పూసే రంధ్రాల రేకు, స్టెన్సిల్, సరిగ్గా తుడవకుండా చివర్లో ఎంత మంచి కెమెరా పెట్టినా ఏం లాభం?

రీఫ్లో_245: పేస్ట్ కొలిచే మెషీన్ కూడా కావాలి, కాదనను. కానీ చర్చ చెకింగ్ గురించి. అందరూ కన్ను కన్ను అంటున్నారు. బీజీఏ చిప్ కింద సోల్డర్ బంతులు ఏ కంటికి కనిపిస్తాయి? ఎక్స్‌రే పెట్టాల్సిందే కదా! రాత్రి మూడింటికి ఎవరి కన్నయినా అలసిపోతుంది. మెషీన్‌కు నిద్ర రాదు. మా తాత వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో చేశాడు. కొత్త యంత్రాలు తేకనే మిల్లు పోయిందని చనిపోయేదాకా అన్నాడు.

ములుగురోడ్: మిల్లు పోయింది యంత్రాల వల్ల కాదు. పట్టించుకున్నవాడు లేక పోయింది.

రెండో_షిఫ్ట్: రాత్రి మూడింటి సంగతి నాకు చెప్తున్నావా తమ్మీ? ఆర్నెల్లు రోజూ షిఫ్ట్ అయినంక గంటసేపు ఆపి మాతో ఫొటోలకు లేబుళ్లు పెట్టించారు. ఇది బ్రిడ్జ్, అంటే రెండు కాళ్లను సోల్డర్ కలిపేసింది; ఇది షిఫ్ట్, అంటే భాగం పక్కకు జరిగింది; ఇది సోల్డర్‌తో వచ్చే ఫ్లక్స్ ఉత్త మెరుపు, తప్పు కాదు. ఓవర్‌టైమ్ ఇవ్వలేదు, శిక్షణ అన్నారు. ఎవరికి శిక్షణ? ఏడో నెలలో నలుగురిలో ముగ్గురిని రావద్దన్నారు. అందులో నేనొకదాన్ని. ఏఐ వద్దని పైన ఎక్కడైనా రాశానా? మెషీన్ మంచిగనే చూస్తుంది. ఎందుకు చూడదు? అది చూసేది నా చూపే. తొమ్మిదేళ్ల చూపు తీసుకుని, "ఓకే నొక్కేవాళ్లు" అని రాస్తే ఎట్లా ఊరుకోవాలి?

హన్మకొండ_వాసి: కొంచెం నెమ్మదిగా. ఇద్దరూ మన ఊరివాళ్లే.

రీఫ్లో_245: అక్కా, నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది. మా దగ్గరా లేబుళ్లు పెట్టింది వాళ్లే. ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో నా పేరుంది, మెషీన్ అమ్మిన కంపెనీ పేరుంది, వాళ్లవి లేవు. రాసింది నేనే. కానీ ఆ నాలుగు కుర్చీలూ అట్లాగే ఉంచాలంటే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

రెండో_షిఫ్ట్: కుర్చీ నేను అడగలేదు. కొత్త రీలు ఎక్కుతది, సప్లయర్ మారతడు, కొత్త బోర్డు వస్తది. ప్రతిసారీ దానికి మళ్లీ నేర్పాలి. ఆ పనికి ఒక పేరు, ఒక జీతం పెట్టండి. డిప్లొమా చదివిన పిల్లగాడైతేనేం, నాలాగా ఇంటర్ ఆపేసినదైతేనేం. కేంద్రం పథకంలో కూడా కంపెనీకి ఇచ్చే డబ్బులో కొంత ఉద్యోగాల లెక్కతోనే ముడిపెట్టారు కదా. ఆ లెక్కలో ఈ పని రావాలి.

రీఫ్లో_245: మేనేజ్‌మెంట్ దాన్ని అదనపు ఖర్చు అంటుంది.

రెండో_షిఫ్ట్: అననీ. నువ్వు ఏమంటావు?

స్టార్టర్_బోర్డు: మధ్యలో అడ్డం వస్తున్నందుకు ఏమనుకోకండి. అక్కా, మా బోర్డుల్లో రిలే (కరెంటును కలిపి తెంచే భాగం) కాళ్ల దగ్గర సోల్డర్ పగుళ్లు వస్తున్నాయి. రైతులు ఎండాకాలంలోనే ఎక్కువ వాపస్ తెస్తున్నారు. ఫొటోలో చూస్తే ఏమీ తెలియట్లేదు.

రెండో_షిఫ్ట్: ఫొటో పైనుంచి తీశారా? పనికిరాదు. లైటు పక్క నుంచి వాలుగా పడేటట్టు పెట్టి, బోర్డును కొంచెం వంచి తియ్యండి. పగులు కాలు చుట్టూ ఉంగరంలా ఉందా, ఒక్క పక్కనేనా? చూసి చెప్పండి. రెండింటికీ కారణాలు వేరు.