ఎర్రర్‌ను ‘తప్పు’ అనాలా, ‘తప్పింది’ అనాలా?

ప్రశ్న (నల్లగొండ నుంచి):

పెద్దలకు నమస్కారం. నేను డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతూ ఈ మధ్యనే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఇంట్లో తమ్ముడికి అదే చెప్పబోతే ‘ఎర్రర్’ అన్న మాటకు తెలుగులో ఏమనాలో తోచలేదు. ‘తప్పు’ అంటే సరిపోతుందా, ‘దోషం’ అనడం మేలా?

జవాబు (మిర్యాలగూడ నుంచి):

‘తప్పు’ అన్న నామవాచకాన్ని ఇక్కడ వాడవద్దని నా అభిప్రాయం. మన పల్లెల్లో పెద్దమనుషులు కూర్చుని విధించే జరిమానాను కూడా ‘తప్పు’ అనే అంటారు. ‘తప్పు కట్టిండు’ అన్న మాట మహబూబ్‌నగర్ వైపు ముసలివాళ్ల నోట నేను విన్నాను. అంత బరువున్న మాటను, బ్రాకెట్ మూయడం మరచిన పిల్లవాడి ముందు పెడితే, వాడు తెర మీది సందేశాన్ని చదవడు. తననెవరో నిలదీశారనుకుని కంప్యూటర్ కట్టేస్తాడు. నా దగ్గర నేర్చుకునే పిల్లల్లో దీనిని ఏటా చూస్తున్నాను, చూసినప్పుడల్లా బాధపడుతున్నాను.

అదే మాట క్రియగా మారితే ఆ బరువు పోతుంది. గురి తప్పింది, శ్రుతి తప్పింది, లెక్క తప్పింది అన్నప్పుడు మన దృష్టి చేసిన మనిషి మీద కాక, తప్పిన దాని మీద నిలుస్తుంది. పైథాన్ సందేశం చెప్పేది కూడా అంతే: ఫలానా పంక్తిలో ఫలానాది తప్పింది. ఇండెంటేషన్ ఎర్రర్ అంటే వరుస తప్పింది, అనగా ఒకే గుంపులో ఉండవలసిన పంక్తులు ఎడమ అంచు నుంచి సమాన దూరంలో లేవు. నేమ్ ఎర్రర్ అంటే పేరు తప్పింది. పైథాన్ 3లో పేర్లను తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు కనుక, పైన ‘మొత్తం’ అని రాసి కింద ‘మోత్తం’ అని రాసినా ఆ సందేశమే వస్తుంది.

సందేశం పొడవుగా ఉన్నప్పుడు చివరి పంక్తిని ముందు చదవమని తమ్ముడికి చెప్పండి. పద్యానికి అన్వయం చెప్పేవారు ముందుగా క్రియాపదాన్ని పట్టుకున్నట్టే, అక్కడ ఎర్రర్ పేరు, కారణం దొరుకుతాయి; ఎక్కడ జరిగిందో దాని పైనున్న పంక్తులు చెబుతాయి.

సింటాక్స్, అంటే ప్రోగ్రాం రాతకు ఉన్న వ్యాకరణం, తప్పినప్పుడు వచ్చే సింటాక్స్ ఎర్రర్ విషయంలో మనకు ఇంకా మంచి మాట ఉంది. సాగర్ ఆయకట్టు రైతుకు పొల్లు అంటే గింజ పట్టని వడ్లు, వ్యాకరణంలో పొల్లు అంటే అచ్చు చేరని హల్లు. ‘అక్షరం పొల్లు పోకుండా’ అన్న నుడికారం అందరికీ తెలిసినదే. సింటాక్స్ కోరేది సరిగ్గా ఆ కచ్చితత్వమే, కనుక అది తప్పితే ‘పొల్లు పోయింది’ అనవచ్చు. తెలుగులో పేర్లు పెట్టేవారికి ఈ పొల్లుతోనే ఒక చిక్కు వస్తుంది. ‘టెస్ట్‌లు’ అని పేరు పెట్టినప్పుడు, పొల్లు తరువాతి లకారంతో కలిసి ఒత్తుగా మారకుండా నడుమ ఒక కనిపించని అక్షరం చేరుతుంది. దాని యూనికోడ్ సంకేతం యు+200సి. కంటికి పేరు సవ్యంగానే ఉంటుంది, కాని పైథాన్ ఆ అక్షరాన్ని పేరులో అంగీకరించదు, సింటాక్స్ ఎర్రర్ చూపి ఆగిపోతుంది. ‘టెస్టులు’ అని అజంతంగా, అంటే పొల్లుకు అచ్చు చేర్చి, రాసుకుంటే చిక్కు తీరుతుంది, తెలుగుదనమూ నిలుస్తుంది.

ఇక, సందేశం చూపిన పంక్తిలో ఏమీ తప్పినట్టు కనిపించకపోతే, దాని పైపంక్తిని చూడాలి. మూడో పంక్తిలో తెరిచిన బ్రాకెట్‌ను మూయకపోతే పాత పైథాన్ తరచుగా నాలుగో పంక్తిని చూపేది. 2021లో వచ్చిన పైథాన్ 3.10 నుంచి, తెరిచిన బ్రాకెట్‌నే చూపి ఇది మూయలేదని చెబుతోంది.

స్పందన (దేవరకొండ నుంచి):

అయ్యా, మీ ‘తప్పింది’ బాగుంది. కాని ఏ సందేశమూ రాకుండా, ప్రోగ్రాం చివరిదాకా నడిచి, జవాబు మాత్రం వేరుగా వస్తే దానిని ఏమనాలి? అక్కడ ‘దోషం’ అనక తప్పదేమో.

జవాబు (మిర్యాలగూడ నుంచి):

అవునండీ, అక్కడ ‘అన్వయదోషం’ అన్న మాటను నేను మనసారా ఒప్పుకుంటాను. గణాలు సరిపోయి, యతిప్రాసలు కుదిరి, అర్థం మాత్రం కవి ఉద్దేశించినది కాని పద్యం వంటిదే ఆ ప్రోగ్రాం. ఉదాహరణకు, మనం టైప్ చేసినదాన్ని తీసుకునే ఇన్‌పుట్ ద్వారా 12, 30 అని రెండు సంఖ్యలు తీసుకుని కూడితే 42 రావలసిన చోట 1230 వస్తుంది; ఎందుకంటే ఇన్‌పుట్ ఇచ్చేది సంఖ్యను కాదు, అక్షరాల మాలను, మాలలను కూడితే అవి ఒకదాని వెంట ఒకటి చేరుతాయి. పైథాన్ దృష్టిలో ఏదీ తప్పలేదు కనుక అది ఏమీ చెప్పదు. ఇటువంటి చోట జవాబు ముందే తెలిసిన చిన్న లెక్కతో పరీక్షించి, నడుమ నడుమ ప్రింట్ పెట్టి విలువలను చూసుకోవాలి. దోషం ఎక్కడుందో తెలిశాక, తీసుకున్న రెండింటినీ ‘ఇంట్’తో సంఖ్యలుగా మార్చి కూడితే 42 వస్తుంది.