ప్రార్థనలో మోకరించకపోతే దేవుణ్ణి అగౌరవపరిచినట్టేనా?

కీర్తన_95: అందరికీ వందనాలు. చాలా రోజులుగా మనసులో ఉన్న మాట ఇది. ప్రార్థన జరుగుతుంటే కాలు మీద కాలు వేసుకుని కూర్చునేవాళ్ళు, ఫోన్ చూసుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. వేదిక మీద నుంచేమో దేవుణ్ణి 'మా బెస్ట్ ఫ్రెండ్' అని పిలుస్తున్నారు. యెషయా ఆలయంలో ప్రభువును చూసి 'అయ్యో, నేను నశించితిని' అన్నాడు. పత్మసు ద్వీపంలో శిష్యుడైన యోహాను చచ్చినవాడిలా ఆయన పాదాల దగ్గర పడిపోయాడు. మనం మాత్రం మోకాళ్ళు వంచడానికి కూడా బద్ధకిస్తున్నాం. ఆరోగ్యం ఉన్నవాళ్ళు ప్రార్థనలో మోకరించాలని సంఘ పెద్దలు గట్టిగా చెప్పాలా, వద్దా?

ఉదయ_రాగం: చెప్పాలి బ్రదర్. ఆమేన్.

చిరిగిన_తెర: వద్దు. సిలువ మీద యేసు ప్రాణం విడిచినప్పుడు దేవుని సన్నిధికి అడ్డుగా ఉన్న దేవాలయపు తెర పైనుంచి కిందికి చినిగింది. ధైర్యంగా కృపాసనం, అంటే దేవుని సింహాసనం దగ్గరికి రమ్మని హెబ్రీ 4:16 పిలుస్తోంది. అదే యోహాను కడరాత్రి భోజనం దగ్గర యేసు రొమ్మున ఆనుకుని కూర్చున్నాడు, అప్పుడు ఎవరూ మోకరించమని చెప్పలేదు. మోకాళ్ళ గురించే పట్టుబడితే చరిత్ర కూడా చూడండి. 325లో జరిగిన బిషప్పుల సభ, నైసియా మహాసభ 20వ నియమం, ఆదివారాల్లోనూ ఈస్టర్ నుంచి పెంతెకొస్తు వరకు ఉన్న దినాల్లోనూ మోకరించకుండా నిలబడి ప్రార్థించాలని చెప్పింది. పునరుత్థాన దినం కాబట్టి నిలబడేవాళ్ళు. మీ లెక్కన వాళ్ళందరూ భక్తి లేనివాళ్ళేనా?

కీర్తన_95: నైసియా సంగతి ఎత్తారు, మంచిదే. నిలబడాలని నియమం పెట్టారంటే, దేహం ఎలా ఉన్నా ఫర్వాలేదని వాళ్ళు అనుకోలేదనే కదా? మీరిచ్చిన సాక్ష్యం నా వైపే నిలబడుతోంది. ఇక హెబ్రీ పత్రిక 4వ అధ్యాయంతో ఆగిపోలేదు. 12వ అధ్యాయంలో భయభక్తులతో దేవుణ్ణి సేవించమంది, వెంటనే 'మన దేవుడు దహించు అగ్నియై యున్నాడు' అంది. ఇది కొత్త నిబంధనే, పాతది కాదు. యాజకులైన నాదాబు, అబీహు దేవుడు ఆజ్ఞాపించని అన్యాగ్ని తెచ్చి ఎలా చచ్చారో లేవీయకాండం 10లో ఉంది. అననీయ, సప్పీరా దంపతులు చచ్చిన తర్వాత సంఘమంతటికీ మిగుల భయం కలిగిందని అపొస్తలుల కార్యాలు 5లో ఉంది.

చిరిగిన_తెర: అననీయ అబద్ధం ఆడి చచ్చాడు, కూర్చుని ప్రార్థించి కాదు. తానే నీతిమంతుణ్ణనుకున్న పరిసయ్యుడు, పన్నులు వసూలు చేసే సుంకరి ఇద్దరూ నిలబడే ప్రార్థించారు (లూకా 18). నీతిమంతుడిగా ఇంటికి వెళ్ళింది మాత్రం సుంకరి ఒక్కడే. చూసేవాడికి ఇద్దరూ నిలబడ్డవాళ్ళే.

కీర్తన_95: చూసేవాడికి తేడా తెలుస్తుంది. సుంకరి దూరంగా నిలబడ్డాడు, కళ్ళెత్తలేదు, రొమ్ము కొట్టుకున్నాడు. మూడూ దేహంతో చేసినవే.

తాళం_జతి: నేను సంఘంలో డ్రమ్స్ వాయిస్తాను. ఇలాంటి చర్చ ఎక్కడ మొదలైనా చివరికి మా మీదికే వస్తుంది, అందుకే ముందే చెప్తున్నా. 150వ కీర్తన మ్రోగు తాళాలతో స్తుతించమంది. దావీదు దేవుని మందసం (పవిత్రమైన పెట్టె) ముందు తన శక్తికొద్దీ నాట్యమాడాడు. దాన్ని చూసి మనసులో హీనపరిచింది ఆయన భార్య మీకాలు. ఆ అధ్యాయంలో దేవుడు ఎవరి పక్షం ఉన్నాడో చదువుకోండి.

కీర్తన_95: తమ్ముడూ, అదే అధ్యాయంలో (2 సమూయేలు 6) మందసాన్ని ముట్టుకుని ఉజ్జా చచ్చిపోయాడు. అది వదిలేసి నాట్యం ఒక్కటే తీసుకుంటారేం?

తాళం_జతి: వదిలెయ్యలేదు. మందసాన్ని లేవీ గోత్రపు కహాతీయులు భుజాల మీద మోయాలని సంఖ్యాకాండంలో ఉంది. వీళ్ళు బండెక్కించారు. విధి ప్రకారం దేవుణ్ణి వెదకలేదు కాబట్టే ఇలా జరిగిందని 1 దినవృత్తాంతాలు 15లో దావీదే చెప్పాడు. రెండోసారి సరిగ్గా మోసుకొచ్చారు, అప్పుడూ తాళాలు, బాకాలు ఉన్నాయి. చప్పుడుకి ఎవరూ చావలేదు.

చిన్నోడి_అమ్మ: మా బాబుకి ఆటిజం. ఉన్నట్టుండి అరుస్తాడు, లేచి పరిగెడతాడు. 'దేవుని సన్నిధిలో భయం ఉండాలమ్మా, బయటికి తీసుకెళ్ళండి' అన్నారు ఒక పెద్దాయన. అది మా సంఘంలోనే. అప్పట్నుంచి నేను గుమ్మం బయట కూర్చుని వాక్యం వింటున్నాను. మోకరించే నియమం పెడితే వాణ్ణి ఎవరు మోకరింపజేస్తారు?

ఉదయ_రాగం: అలాంటి పిల్లల సంగతి వేరు సిస్టర్.

చిన్నోడి_అమ్మ: వేరని ఎవరు తేలుస్తారు? వాణ్ణి చూస్తే ఏమీ తెలియదు. అల్లరి పిల్లాడనే అనుకుంటారు.

చిరిగిన_తెర: ఇదే నేను మొదట్నుంచీ అంటున్నది. నియమం పెట్టిన రోజే కాపలా మొదలవుతుంది.

కీర్తన_95: ఒక్క తల్లి బాధను అడ్డం పెట్టుకుని మొత్తం భక్తినే కొట్టేస్తారా? ఇంట్లో తండ్రి అంటే భయం లేకుండా పెరిగినవాళ్ళకి దేవుడంటే భయం ఎలా వస్తుంది? అసలు లోపం అక్కడుంది.

చిరిగిన_తెర: భయం గురించి నాకు చెప్పకండి. మా నాన్న సంఘ పెద్ద. కుటుంబ ప్రార్థనలో కళ్ళు తెరిస్తే బెల్టు. మోకాళ్ళ మీద కదిలితే బెల్టు. కొట్టాక 'యెహోవాయందలి భయమే జ్ఞానమునకు మూలము' అని మా చేతే చదివించేవాడు. సంఘంలో అందరూ ఆ ఇంటి పిల్లల్లో ఎంత భక్తి అని మెచ్చుకునేవారు. ఎవరైనా 'మోకరించండి' అంటే ఇప్పటికీ నాకు దేవుడు గుర్తుకురాడు, ఆయనే గుర్తుకొస్తాడు. దేవుడు అలాంటి తండ్రి కాదని నమ్మడానికే నాకు ఏళ్ళు పట్టింది. ఇప్పుడు మళ్ళీ పెద్దల చేతికి ఆ అధికారం ఇమ్మంటున్నారు మీరు.

తాళం_జతి: అన్నా... ఇంతకాలం ఈ మాట చెప్పలేదు నువ్వు.

కీర్తన_95: మీ నాన్నగారు చేసింది పాపం. ఆ వాక్యాన్ని అలా వాడటం దేవుని నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించడమే. కానీ నా సంగతి కూడా వినండి. మా తమ్ముణ్ణి సమాధి చేసిన వారమే ఆరాధనకి వెళ్ళాను. పెద్ద స్క్రీన్, చప్పట్లు, మైకులో జోకులు. 'దేవుడు నీ ఫ్రెండ్, నవ్వు బ్రదర్' అన్నారు. నాకు ఫ్రెండ్స్ ఉన్నారు, సమాధి దగ్గర నా పక్కనే నిలబడ్డారు, వాళ్ళు చేయగలిగింది అంతే. నా దుఃఖం కన్నా, చావు కన్నా పెద్దవాడు ఒకడున్నాడని, ఆయన ముందు పడిపోవచ్చని వెళ్ళాను. పడిపోవడానికి చోటే లేదక్కడ. హబక్కూకు 2:20 చదవండి: యెహోవా తన పరిశుద్ధాలయంలో ఉన్నాడు, ఆయన సన్నిధిని లోకమంతా మౌనంగా ఉండాలి. ఆ మౌనం అడిగితే నన్ను పరిసయ్యుణ్ణి చేశారు.

ఎడారి_దారి: ఇంతవరకూ చదువుతూనే ఉన్నాను. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు నేల మీద పడి ప్రార్థించాడు. పడి ఉండే 'తండ్రీ' అని పిలిచాడు (మార్కు 14:35, 36). మీరిద్దరూ చెరొక వచనం పట్టుకుని లాగుతున్నారు.

కీర్తన_95: పడ్డాడు కదా. అదే నేనంటున్నది.

చిరిగిన_తెర: ఎవరూ పడమనకుండానే పడ్డాడు. పక్కనున్న ముగ్గురు శిష్యులూ నిద్రపోయినా మోకరించమని లేపలేదు, మెలకువగా ఉండి ప్రార్థించమన్నాడు. మీరు పడండి, మీ పక్కన నేనూ పడతానేమో ఒక రోజు. పడనివాణ్ణి గుర్తించే పని మాత్రం పెద్దలకి ఇవ్వకండి.

కీర్తన_95: అయితే పెద్దలు దేనికి? కొరింథు సంఘంలో ప్రభువు బల్లను (రొట్టె, ద్రాక్షారసపు విందును) అవమానిస్తుంటే పౌలు ఊరుకోలేదు. అందుకే మీలో అనేకులు రోగులయ్యారు, చాలామంది నిద్రించారు (అంటే చనిపోయారు) అని రాశాడు.

చిరిగిన_తెర: ఆ అవమానం ఏమిటో కూడా పౌలే రాశాడు. కొందరు ముందే తిని మత్తులయ్యారు, లేనివాళ్ళు ఆకలితో మిగిలారు. పేదలను సిగ్గుపరిచారు. పెద్దలు గట్టిగా మాట్లాడాల్సింది దాని గురించి. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, దరిద్రుడికి పాదపీఠం దగ్గర చోటు అని యాకోబు 2లో ఉన్నది ఈ రోజు కూడా జరుగుతోంది. దాన్ని దేవుణ్ణి అగౌరవపరచడమని ఎవరూ అనరు.

కీర్తన_95: అనాలి. ఒప్పుకుంటున్నాను. అది అంటూనే ప్రార్థనలో తల వంచమనీ చెప్తాను, రెండోది మానను.

చిన్నోడి_అమ్మ: మీరిద్దరూ వచనాలు చెప్పుకుంటున్నారు, నేను అడిగింది అలాగే ఉండిపోయింది. వాడు ప్రార్థన మధ్యలో అరిస్తే నేను లోపల ఉండాలా, బయటికి పోవాలా?

కీర్తన_95: లోపలే ఉండండి సిస్టర్. దేవాలయంలో చిన్నపిల్లలు కేకలు వేస్తుంటే కోపపడింది ప్రధానయాజకులు, యేసు కాదు (మత్తయి 21). నేను మౌనం అడిగింది పెద్దవాళ్ళని.

చిరిగిన_తెర: ఇది ఇక్కడ రాసినట్టే మీ సంఘ పెద్దల ముందు చెప్పగలరా?

కీర్తన_95: చెప్తాను. వాళ్ళు ఒప్పుకుంటారని మాత్రం మాట ఇవ్వలేను.

చిన్నోడి_అమ్మ: చెప్పాక వాళ్ళు ఏమన్నారో ఇక్కడ రాయండి అన్నయ్యా.