లేత్ పట్టించిన ముందు డిస్కులు మళ్ళీ వణుకుతున్నాయి: మార్చాలా, ఇంకోసారి చెక్కించాలా?

ప్రశ్న

నమస్కారం. మాది ఏడుగురు కూర్చునే డీజిల్ ఎస్‌యూవీ. ఇప్పటికి 84,000 కిలోమీటర్లు తిరిగింది. తొమ్మిది నెలల క్రితం, గంటకు 80 కిలోమీటర్లు దాటాక బ్రేకు మెల్లగా తొక్కినప్పుడల్లా స్టీరింగ్ చేతుల్లో వణకడం మొదలైంది. షెడ్డులో చూపిస్తే ముందు డిస్కులు వంగిపోయాయని చెప్పి, వాటిని విప్పి లేత్ పట్టించి (యంత్రం మీద ముఖాన్ని చెక్కి సమం చేయించి), కొత్త ప్యాడ్లు వేసి ఇచ్చారు. ఆ రోజు నుంచి బండి నున్నగా ఆగింది. అయితే ఐదు వేల కిలోమీటర్లు తిరిగేసరికి అదే వణుకు మళ్ళీ వచ్చింది. ఇప్పుడు మునుపటి కంటే ఎక్కువగా ఉంది, పెడల్ కూడా కాలి కింద సన్నగా కొట్టుకుంటోంది.

నిన్న ముందు చక్రాలు విప్పి చూశాను. డిస్కు బయటి అంచు చుట్టూ గోటికి తగిలే గట్టు ఒకటి ఏర్పడింది. డిస్కు మీద కనీస మందం 26 మిల్లీమీటర్లని ముద్రించి ఉంది, కొత్తదాని మందం 28 అని సర్వీసు పుస్తకం చెబుతోంది. వెర్నియర్ పెట్టి కొలిస్తే నాకు 26.9 వచ్చింది. అంటే ఇంకా దాదాపు ఒక మిల్లీమీటరు మిగిలి ఉన్నట్టే కాబట్టి, మరోసారి లేత్ పట్టిస్తే సరిపోతుందా? మార్చక తప్పదంటే, చిల్లులు వేసిన డిస్కులు బరువైన బండికి మంచివని కొందరు అంటున్నారు, అది నిజమేనా? వెనక డిస్కులు చూడటానికి బాగానే ఉన్నాయి, వాటినీ కలిపి మార్చాలా? ఈ బండిలో ఎక్కువగా తిరిగేది మా అమ్మా నాన్నా, పిల్లలూ. అందుకే అందాజుగా ఏదో ఒకటి చేయించడం నాకు ఇష్టం లేదు.

సమాధానం 1

నమస్కారమండీ. నేను చాలా ఏళ్ళుగా బ్రేకు పనులే చేస్తున్నాను. మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించిన మాట ‘ఐదు వేల కిలోమీటర్లు’. లేత్ పట్టించిన మరునాడే వణుకు వచ్చి ఉంటే చెక్కడంలో లోపమని అనుకోవచ్చు. కొన్ని వేల కిలోమీటర్లు బాగా నడిచి తర్వాత వచ్చిందంటే, డిస్కు హబ్ (డిస్కూ, చక్రమూ బిగించే మధ్య భాగం) మీద నిటారుగా కూర్చోలేదని అనుమానించాలి.

‘డిస్కు వంగింది’ అనే మాట అందరమూ వాడతాం గానీ, విప్పి కొలిచి చూస్తే నిజంగా వంగిన డిస్కులు చాలా తక్కువ. ఎక్కువగా జరిగేది ఇది: హబ్ ముఖం మీద తుప్పు పొర గట్టుకట్టి ఉంటే, దాని మీద బిగించిన డిస్కు కంటికి కనిపించనంత ఒరిగి కూర్చుంటుంది. హబ్ దగ్గర 0.05 మిల్లీమీటర్ల తుప్పు చాలు, డిస్కు బయటి అంచుకు వచ్చేసరికి అది దాదాపు రెట్టింపు ఊపు అవుతుంది. అలా ఊగే డిస్కు, మీరు బ్రేకు తొక్కకపోయినా, ప్రతి చుట్టులోనూ ఒకే చోట ప్యాడును రాసుకుంటూ పోతుంది. రాసుకున్న చోట ఇనుము కొద్దికొద్దిగా అరుగుతుంది, లేదా ప్యాడు పదార్థం అక్కడే అంటుకుపోతుంది. ఎలా జరిగినా డిస్కు చుట్టూ మందం ఒకేలా ఉండదు. ఆ తేడా 15, 20 మైక్రాన్లకు చేరితే చాలు, చాలా బండ్లలో బ్రేకు తొక్కినప్పుడు ప్యాడును నొక్కే పిస్టన్ ముందుకూ వెనక్కూ కదిలి, ఆ కదలిక బ్రేకు ఆయిల్ ద్వారా మీ కాలికీ, సస్పెన్షన్ ద్వారా స్టీరింగ్‌కూ చేరుతుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంత చిన్న తేడా కంటితో చూస్తే ఎలాగూ తెలియదు.

లేత్ మీద డిస్కును చక్కగా చెక్కి తెచ్చి, అదే తుప్పు హబ్ మీద బిగిస్తే, మందం సమంగానే ఉంటుంది గానీ ఊపు అలాగే ఉంటుంది. అందుకే మీకు కొన్ని నెలలు హాయిగా నడిచింది. హబ్‌ను శుభ్రం చేయకుండా కొత్త డిస్కులు వేసినా ఇదే జరుగుతుంది. ఈ సంగతి మీ పనిచేసేవారికి ముందే గట్టిగా చెప్పండి.

ఇక మీ కొలత గురించి. వెర్నియర్ దవడలు చదునుగా ఉంటాయి కాబట్టి, మీరు చెప్పిన ఆ అంచు గట్టు మీదే కూర్చుంటాయి. మీకు వచ్చిన 26.9 ఆ గట్టు మందమే గానీ ప్యాడు రాసుకునే చోటి మందం కాదు. మొన కోసుగా ఉన్న మైక్రోమీటర్ తీసుకుని, అంచు నుంచి 10, 15 మిల్లీమీటర్లు లోపలికి, డిస్కు చుట్టూ కనీసం ఎనిమిది చోట్ల కొలిచి రాసుకోండి. అందులో అతి తక్కువ అంకెనే డిస్కు మందంగా లెక్కపెట్టాలి, సగటును కాదు. లేత్ పట్టించిన తర్వాత కూడా కనీస మందానికి పైనే ఉండాలన్నది నియమం, మళ్ళీ అరగడానికి కొంత మిగలాలి కూడా. ఒకసారి చెక్కిన డిస్కు కాబట్టి మీది ఆ గీతకు చాలా దగ్గరలో ఉంటుందని నా అంచనా. అలా తేలితే రెండోసారి లేత్ జోలికి పోవద్దు. పలచబడిన డిస్కు వేడిని తక్కువ మోయగలదు, త్వరగా కాగుతుంది.

సమాధానం 2

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తూ, ఎంపిక గురించి చెబుతాను. బరువైన బండికి బ్రేకు ఎంత పని చేయాలో ఒక లెక్క చూడండి. జనంతో, సామానుతో కలిపి 2,000 కిలోలున్న బండిని 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపడానికి సుమారు 770 కిలోజౌళ్ళ శక్తిని వేడిగా మార్చాలి. వేగం సగమైతే ఆ శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి ఈ వేడిలో ఎక్కువ భాగం ముందు డిస్కులదే. అందుకే డిస్కు ఎంపికలో ఇనుము బరువూ, దాని నాణ్యతా, మధ్యలో గాలి ఆడే దారులూ ముందు చూడాలి.

చిల్లులున్న డిస్కుల మీద నాకు అనుభవం ఉంది, అది మంచి అనుభవం కాదు. మా పాత బండికి అవి వేయించుకున్నాను. రెండేళ్ళ తర్వాత ప్యాడ్లు మారుస్తుండగా చూస్తే, ఒక చిల్లు అంచు నుంచి పక్క చిల్లు వైపుకు వెంట్రుకంత పగులు పాకి ఉంది. చిల్లు ఉన్నచోట ఇనుము తగ్గుతుంది, కాగి చల్లారినప్పుడల్లా వచ్చే ఒత్తిడి ఆ అంచు దగ్గరే పోగవుతుంది. కొన్ని బండ్లకు తయారీదారులే చిల్లుల డిస్కులు ఇస్తారు, అవి ఆ బండికి తగ్గట్టుగా రూపొందించినవి. సాదా డిస్కుతో వచ్చిన కుటుంబ బండికి వాటి అవసరం ఉందని నేను అనుకోను. గాడులు వేసినవి తడిలో ప్యాడు ముఖాన్ని శుభ్రంగా ఉంచుతాయి గానీ, ప్యాడ్లను కాస్త త్వరగా అరగదీస్తాయి, ఒక్కోసారి చప్పుడు కూడా చేస్తాయి.

నా సలహా: సాదా ముఖం, లోపల గాలి దారులు, కార్బన్ శాతం ఎక్కువగా ఉన్న పోత ఇనుము. ఆ రకం ఇనుము వేడిని త్వరగా పంచుతుంది, కంపనాన్ని కూడా కొంత మింగుతుంది. హబ్ మీద కూర్చునే మధ్య టోపీ భాగానికీ అంచులకూ తుప్పు పట్టకుండా బూడిదరంగు పూత ఉన్నవి దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే తర్వాతిసారి హబ్ దగ్గర ఈ గొడవ తగ్గుతుంది. ప్యాడు రాసుకునే ముఖం మీది పూత మొదటి కొన్ని బ్రేకులకే పోతుంది, దాన్ని గరుకు కాగితంతో రుద్దాల్సిన పని లేదు. బండి కంపెనీ డబ్బాలోవే కావాలని లేదు, అయితే ఈసీఈ ఆర్ 90 (బదులు వేసే బ్రేకు భాగాలకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం) ఆమోదం ముద్ర ఉన్నవి తీసుకుంటే పరీక్షకు నిలిచిన వస్తువు అన్న ధీమా ఉంటుంది.

కొనే ముందు ఛాసిస్ నంబరు ఇచ్చి సరిచూసుకోండి. ఒకే మోడలుకు ఇంజనును బట్టి, తయారైన సంవత్సరాన్ని బట్టి రెండు మూడు రకాల డిస్కులు ఉండటం మామూలే. వ్యాసం, మందం, టోపీ ఎత్తు, మధ్య రంధ్రం, బోల్టుల సంఖ్య ఇవన్నీ కలవాలి. కొన్ని డిస్కుల్లో గాలి దారులు ఒక పక్కకు వంగి ఉంటాయి, వాటికి ఎడమ, కుడి వేరువేరు. ఎప్పుడూ ఒక ఇరుసుకు రెండూ కలిపి మార్చాలి, వాటితో పాటు ప్యాడ్లు కూడా కొత్తవే వేయాలి. తొమ్మిది నెలల ప్యాడ్లను ఉంచుకుందామని అనిపిస్తుంది, కానీ వాటి ముఖం పాత డిస్కు గాడులకు అచ్చు పడి ఉంటుంది.

వెనక డిస్కులను కొలిచి చూడండి, మందం ఉంటే అలాగే ఉంచండి. స్టీరింగ్ వణికితే అనుమానం ముందు చక్రాల మీదికే పోతుంది, సీటు వణికితే వెనక వైపు చూడాలి.

సమాధానం 3

పని జరిగేటప్పుడు మీరు దగ్గరుండి చూడవలసినవి కొన్ని చెబుతాను.

క్యాలిపర్ (ప్యాడ్లనూ, పిస్టన్‌నూ పట్టుకునే భాగం) విప్పాక దాన్ని రబ్బరు గొట్టం మీద వేలాడనివ్వకూడదు, తీగతో సస్పెన్షన్‌కు కట్టాలి. డిస్కు తుప్పుతో పట్టేసి ఉంటే సుత్తితో గట్టిగా బాదడం మొదలుపెడతారు. చాలా డిస్కుల మీద రెండు మర రంధ్రాలు ఉంటాయి, వాటిలో సరిపోయే బోల్టులు పెట్టి సమంగా బిగిస్తే డిస్కు తనంతట అదే హబ్ నుంచి లేచి వస్తుంది. అప్పుడు హబ్ ముఖాన్ని వైర్ బ్రష్‌తో, గరుకు కాగితంతో మెరిసే ఇనుము కనిపించేదాకా రుద్దాలి. బోల్టుల చుట్టూ ఉన్న సందుల్లోనే తుప్పు ఎక్కువగా దాక్కుంటుంది. తర్వాత కొత్త డిస్కు పెట్టి, చక్రం నట్లతో తాత్కాలికంగా సమంగా బిగించి, డయల్ గేజ్ (ఊపును ముల్లుతో చూపించే పరికరం) ఆనించి ఒక చుట్టు తిప్పాలి. మీ బండి సర్వీసు పుస్తకంలో ఊపు హద్దు రాసి ఉంటుంది, 0.05 మిల్లీమీటర్ల లోపు ఉంటే నేను తృప్తి పడతాను. ఎక్కువ వస్తే డిస్కును ఒక రంధ్రం జరిపి మళ్ళీ కొలవండి. అప్పటికీ తగ్గకపోతే బేరింగు కదులుతోందేమో, హబ్ ముఖమే దెబ్బతిన్నదేమో చూడాలి.

క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఆధారమైన స్లైడ్ పిన్నులు వేలితో జరిపితే జరగాలి. అవి పట్టేస్తే లోపలి ప్యాడు అరిగిపోయి బయటి ప్యాడు అలాగే ఉంటుంది. వాటిని తుడిచి, బ్రేకుల కోసం తయారైన సిలికోన్ గ్రీజు మాత్రమే పూయాలి. మామూలు గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. పిస్టన్‌ను వెనక్కి నొక్కేటప్పుడు ఆయిల్ డబ్బా మూత తీసి మట్టం చూస్తుండాలి, ఎందుకంటే పొంగిన బ్రేకు ఆయిల్ రంగును తినేస్తుంది. ఆ ఆయిల్ మార్చి రెండేళ్ళు దాటితే ఈ పనిలోనే మార్పించేయండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ మరుగు స్థానం కనీసం 230 డిగ్రీలు ఉండాలి, తేమ పట్టిన దానికి ప్రమాణం ప్రకారం ఆ కనీసం 155 డిగ్రీలే.

చక్రం నట్లను గాలి గన్నుతో ఎడాపెడా బిగించనివ్వకండి. నక్షత్రం ఆకారంలో ఒకదాని ఎదుటిది ఒకటిగా, టార్క్ రెంచ్‌తో, పుస్తకంలో ఉన్న అంకెకు బిగించాలి. ఒక పక్క ఎక్కువ బిగిస్తే డిస్కు మళ్ళీ ఒరుగుతుంది.

చివరిగా ఒకటి, ఇది నాకు జరిగింది. మొదటిసారి స్వయంగా ప్యాడ్లు మార్చి, బండి దించి, రివర్సు వేసి కదిలించాను. బ్రేకు తొక్కితే పెడల్ నేలదాకా వెళ్ళిపోయింది. వెనక్కి నొక్కిన పిస్టన్లు ప్యాడ్లను ఇంకా తాకలేదు. హ్యాండ్‌బ్రేకు లాగాను కాబట్టి గోడకు జానెడు దూరంలో ఆగింది. అప్పటి నుంచి ఇంజను స్టార్టు చేయకముందే, పెడల్ గట్టిపడేదాకా నిదానంగా తొక్కడం నాకు అలవాటైంది. దయచేసి మీరూ అలా చేయండి.

అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. మైక్రోమీటర్ సంపాదించి కొలిచాను. కుడివైపు డిస్కులో అతి తక్కువ అంకె 26.2, ఎడమవైపు 26.3. నా వెర్నియర్ నిజంగా గట్టునే కొలిచింది. లేత్ ఆలోచన మానుకుని, కార్బన్ ఎక్కువగా ఉన్న సాదా డిస్కులూ, కొత్త ప్యాడ్లూ తెప్పించాను.

పని దగ్గరుండి చేయించాను. కుడి హబ్ మీద రెండు బోల్టుల మధ్య గోరంత వెడల్పున తుప్పు పెచ్చు గట్టిగా అంటుకుని ఉంది. దాని మీద డిస్కు నొక్కుకున్న గుర్తు కూడా స్పష్టంగా కనిపించింది. గేజ్ ఎంత ఊపు చూపిస్తుందో చూద్దామని శుభ్రం చేయకముందే కొత్త డిస్కు పెట్టించి కొలిపించాను, 0.11 వచ్చింది. ఆ పెచ్చు తీసి, హబ్ అంతా రుద్దాక 0.03కు దిగింది. ముల్లు దాదాపు కదలకుండా నిలబడటం చూశాక, తొమ్మిది నెలలుగా నన్ను వేధించింది ఆ చిన్న పెచ్చేనని నమ్మకం కుదిరింది.

రెండు సందేహాలు మిగిలాయి. కొత్త డిస్కులను ఎలా అలవాటు చేయాలి? వెనక ప్యాడ్లు ఇంకో ఏడాదిలో మార్చాల్సి రావచ్చు, మా బండికి బటన్ నొక్కే పార్కింగ్ బ్రేకు ఉంది, అక్కడ ప్రత్యేకమైన జాగ్రత్త ఏమైనా కావాలా?

సమాధానం 4

0.11 నుంచి 0.03 అన్నది చాలా మంచి ఫలితం. మీరు కొలిచి రాసినందుకు ఇది చదివే మిగతావారికీ ఉపయోగం.

వాహనాలు లేని రోడ్డు చూసుకుని, 60 వేగం నుంచి 15 దాకా మధ్యస్థంగా బ్రేకు వేసి, మళ్ళీ వేగం అందుకుని, మధ్యలో కాస్త చల్లారనిస్తూ, ఇలా 15, 20 సార్లు చేయండి. ప్యాడ్లతో వచ్చిన కాగితంలో వేరే పద్ధతి ఉంటే దాన్నే పాటించండి. డిస్కులు కాగి ఉన్నప్పుడు పూర్తిగా ఆపి పెడల్ తొక్కి పట్టుకోకండి, అక్కడ ప్యాడు పదార్థం ముద్రలా అంటుకుంటుంది. మొదటి 300 కిలోమీటర్లు, అత్యవసరమైతే తప్ప, గట్టి బ్రేకులు వద్దు. పొడవైన దిగుడులో తక్కువ గేరులో దిగితే డిస్కుల మీద భారం బాగా తగ్గుతుంది, ఇది అలవాటు కోసం మాత్రమే కాదు, ఎప్పటికీ పనికొచ్చేదే.

బటన్ బ్రేకు విషయంలో జాగ్రత్త తప్పనిసరి. వెనక క్యాలిపర్‌లో చిన్న మోటారు ఉంటుంది. దాన్ని సర్వీసు మోడ్‌లో పెట్టి వెనక్కి జరిపించాకే పిస్టన్‌ను నొక్కాలి, బలవంతంగా నొక్కితే లోపలి మర దెబ్బతింటుంది. కొన్ని బండ్లలో బటన్, పెడల్ కలిపి ఒక క్రమంలో నొక్కితే ఆ మోడ్ వస్తుంది, కొన్నిటికి బండి కంప్యూటరుకు తగిలించే స్కానర్ కావాలి. మీ బండికి ఏది వర్తిస్తుందో సర్వీసు పుస్తకంలో ఉంటుంది, ప్యాడ్లు తెప్పించకముందే చూసి పెట్టుకోండి.