‘ఫ్రెండ్లీ’ని క్రియకు ఎలా చేర్చాలి? ‘ఇన్ ఎ మేనర్’ ఎక్కడ అవసరం, ఎక్కడ అనవసరం?

సుజాత, హనుమకొండ:

అందరికీ నమస్కారం. మా కార్యాలయంలో సిబ్బంది పనితీరు గురించి ఏటా ఇంగ్లీషులో నివేదికలు రాయవలసి ఉంటుంది. ‘ఆయన ఖాతాదారులతో స్నేహపూర్వకంగా మాట్లాడతారు’ అనే అర్థంలో ఒక సహోద్యోగి ‘హి స్పీక్స్ ఫ్రెండ్లీ’ అని రాస్తే, పై అధికారి దానిని ‘ఇన్ ఎ ఫ్రెండ్లీ మేనర్’ అని దిద్దారు. అదే పద్ధతి కాబోలని మరొకరు ‘ఇన్ ఎ కేర్‌ఫుల్ మేనర్’ అని రాస్తే, ఆ నాలుగు మాటలూ కొట్టేసి ‘కేర్‌ఫుల్లీ’ అని మార్చారు. రెండూ విశేషణాలే అయినప్పుడు ఒకదానికి ఒక న్యాయం, మరొకదానికి మరొక న్యాయం ఎందుకు? పైగా ఇటువంటి పదబంధాలలో ‘ఇన్’ ఒక్కటే కాక ‘విత్’, ‘ఎట్’ కూడా కనిపిస్తున్నాయి. వీటిలో ఏది ఎక్కడ వాడాలో తెలిసినవారు వివరించగలరు.

రామారావు (విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు):

సుజాత గారూ, మీ అధికారి చేసిన రెండు దిద్దుబాట్లూ సరైనవే. విశేషణం చివర ‘లీ’ చేరిస్తే క్రియావిశేషణం అవుతుందని బడిలో చెబుతాం కదా. ‘కేర్‌ఫుల్’ ఆ సూత్రానికి చక్కగా లొంగుతుంది. ‘ఫ్రెండ్లీ’, ‘లోన్లీ’, ‘లైవ్లీ’, ‘కవర్డ్లీ’ (పిరికి), ‘సిల్లీ’ వంటివి మాత్రం విశేషణాలుగా ఉండగానే ‘లీ’తో ముగుస్తాయి కనుక వాటిపై మరో ‘లీ’ చేర్చడానికి నాలుక ఒప్పుకోదు. ‘ఫ్రెండ్లిలీ’ అనే రూపం నిఘంటువుల్లో ఉన్నా, ఎవరూ వాడరనే చెప్పవచ్చు. అందుకే విశేషణాన్ని అలాగే ఉంచి, ‘వే’ లేదా ‘మేనర్’ అనే నామవాచకాన్ని తోడు తెచ్చి, ముందు ‘ఇన్ ఎ’ పెడతారు.

ఈ చిక్కుకు చారిత్రక కారణం కూడా ఉంది. సుమారు 1100కు ముందున్న ప్రాచీన ఆంగ్లంలో విశేషణానికి ‘లీచ్’ అనీ, క్రియావిశేషణానికి ‘లీచె’ అనీ వేర్వేరు ప్రత్యయాలు ఉండేవి. కాలక్రమంలో వాటి చివరి ధ్వనులు రాలిపోయి రెండూ ‘లీ’గా కలిసిపోయాయి. తెలుగులో ‘గా’ దాదాపు ఏ మాటకైనా అతుకుతుంది. పిరికిగా, హుందాగా, ఒంటరిగా అని అలవోకగా అనేస్తాం కనుక ఇంగ్లీషులో ఇటువంటి ఖాళీ ఉందన్న సంగతి మనకు తట్టదు. అయితే ‘డైలీ’, ‘వీక్లీ’, ‘ఎర్లీ’ విశేషణంగానూ క్రియావిశేషణంగానూ అదే రూపంలో పనికివస్తాయి కనుక వాటికి ఈ బంధం అక్కరలేదు.

కిరణ్, బెంగళూరు:

నేను సంస్థల నివేదికలను సంస్కరించే పనిలో ఉన్నాను. ఒక్క మాటతో పోయేదానికి ‘ఇన్ ఎ క్విక్ మేనర్’, ‘ఇన్ ఎ ప్రాపర్ మేనర్’ అని సాగదీయడం మన కార్యాలయ ఇంగ్లీషులో బాగా పాతుకుపోయిన జాడ్యం. ‘క్విక్లీ’, ‘ప్రాపర్లీ’ ఉండగా ఆ బంధం దండగ. కానీ ‘టైమ్‌బౌండ్’, ‘ఫేజ్డ్’, ‘బిజినెస్‌లైక్’ వంటి విశేషణాలకు వాడుకలో క్రియావిశేషణ రూపం లేదు. మన ప్రభుత్వ పత్రాల్లో దశలవారీగా అనడానికి ‘ఇన్ ఎ ఫేజ్డ్ మేనర్’ అని రాయడం అందుకే స్థిరపడింది.

క్రియావిశేషణం ఉన్నా అర్థం మారిపోయే చోట్లు ఇంకా జాగ్రత్తగా చూడవలసినవి. ‘స్ట్రేంజ్లీ, హి ఆన్సర్డ్’ అంటే ఆయన బదులు చెప్పడమే వింత. ‘హి ఆన్సర్డ్ ఇన్ ఎ స్ట్రేంజ్ వే’ అంటే బదులు చెప్పిన తీరు వింత. పనితీరు నివేదికలు రాసేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. ‘హార్డ్’ అనే మాట క్రియావిశేషణంగా కూడా అలాగే ఉంటుంది. కష్టపడి పనిచేస్తారని మెచ్చుకోబోయి ‘హి హార్డ్లీ వర్క్స్’ అని రాస్తే, ఆయన దాదాపు పనే చేయరని అర్థం వచ్చి పదోన్నతికే ఎసరు పెట్టినట్లవుతుంది.

పద్మజ, విజయవాడ:

సుజాత గారి రెండవ ప్రశ్న గురించి రాస్తున్నాను. ప్రిపొజిషన్‌ను నిర్ణయించేది విశేషణమూ కాదు, క్రియా కాదు. ఆ బంధంలోని నామవాచకం. ‘వే’, ‘మేనర్’, ‘ఫ్యాషన్’ అయితే ‘ఇన్’. ఓర్పు, శ్రద్ధ, నేర్పు వంటి గుణాలైతే ‘విత్’: ‘విత్ గ్రేట్ పేషెన్స్’, ‘విత్ గ్రేట్ కేర్’. ‘డిఫికల్ట్’కు వాడుకలో ‘లీ’ రూపం లేని లోటును ‘విత్ డిఫికల్టీ’ తీరుస్తుంది. వేగానికి, నడక జోరుకు ‘ఎట్’ వస్తుంది: ‘ఎట్ హై స్పీడ్’, ‘ఎట్ ఎ లీజర్లీ పేస్’. స్థాయికి ‘ఆన్’: ‘ఆన్ ఎ లార్జ్ స్కేల్’.

మనవాళ్ళు తడబడేది ఎక్కువగా ‘తో’ దగ్గర. ఓర్పుతో, వేగంతో, తగ్గు గొంతుతో అని మూడింటికీ తెలుగులో ఒకే విభక్తి సరిపోతుంది కనుక మూడింటికీ ‘విత్’ పెట్టేస్తారు. ఇంగ్లీషులో గొంతుకు ‘ఇన్’ రావాలి: ‘షి స్పోక్ ఇన్ ఎ లో వాయిస్’. ఆర్టికల్ సంగతి కూడా చూడాలి. ‘మేనర్’ లెక్కపెట్టదగిన నామవాచకం కనుక ‘ఇన్ ఫ్రెండ్లీ మేనర్’ అనకుండా మధ్యలో ‘ఎ’ ఉంచాలి. ‘కేర్’ లెక్కకు రానిది కనుక ‘విత్ ఎ గ్రేట్ కేర్’ అనకూడదు. ‘వే’ ముందు ‘ఎ’ బదులు ‘ద’ పెట్టి, విశేషణం లేకుండా ‘ఇన్ ద వే’ అని ఊరుకుంటే దారికి అడ్డంగా ఉన్నారని అర్థం వస్తుంది.

సుజాత, హనుమకొండ:

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇప్పుడు వాక్యాన్ని ‘హి ఇన్ ఎ ఫ్రెండ్లీ మేనర్ ఎక్స్‌ప్లెయిన్స్ ద రూల్స్ టు కస్టమర్స్’ అని ఉంచవచ్చా?

రామారావు:

బంధం సరిగానే ఉందండీ, దాని చోటు మారాలి. ‘స్నేహపూర్వకంగా వివరిస్తారు’ అన్నట్లు తెలుగులో ఆ మాట క్రియకు ముందే ఉంటుంది. ఇంగ్లీషులో ‘పేషెంట్లీ’ వంటి ఒంటి మాటకు క్రియ ముందు చోటు దొరుకుతుంది గానీ, ఇంత పొడుగు బంధం సాధారణంగా కర్మ తరువాతికి జరగాలి: ‘హి ఎక్స్‌ప్లెయిన్స్ ద రూల్స్ టు కస్టమర్స్ ఇన్ ఎ ఫ్రెండ్లీ మేనర్’. కర్మ మరీ పొడుగైతే మాత్రం బంధాన్ని క్రియ వెనకే ఉంచి కర్మను చివరికి నెట్టవచ్చు. మీ వాక్యంలో కర్మ చిన్నదే కనుక ఆ అవసరం రాదు.