ఇంట్లో చేసుకున్న సబ్‌వూఫర్ యాంప్లిఫయర్: కరెంటు ఉంది, శబ్దం లేదు

విశాఖపట్నం పెదవాల్తేరులో ఉంటున్నాను. టీడీఏ7294 అనే యాంప్లిఫయర్ ఐసీతో (చిప్పుతో), 24-0-24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌తో నేనే తయారుచేసుకున్న సబ్‌వూఫర్ యాంప్లిఫయర్ ఈ వానాకాలంలో ఉన్నట్టుండి మూగబోయింది. ఫ్యూజు బాగానే ఉంది. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ తరువాత పాజిటివ్, నెగటివ్ రెండు వైపులా సుమారు 33 వోల్టులు వస్తున్నాయి, స్పీకరు విప్పి కొలిస్తే అవుట్‌పుట్ వద్ద డీసీ ఏమీ లేదు. అయితే ఐసీని పనిచేయించే లేదా ఆపి ఉంచే స్టాండ్‌బైకి చెందిన దాని 9వ పిన్ను వద్ద, కనీసం 3.5 వోల్టులు ఉండవలసిన చోట, ఒక్క వోల్టు కూడా రావడం లేదు. దానికి కలిపిన 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ అడుగున పచ్చటి చిలుము కనిపిస్తోంది, సముద్రపు గాలికి ఇక్కడ అది మామూలే. లోపం ఆ కెపాసిటర్ లీకేజీదా, ఐసీ లోపలిదా అన్నది ఐసీని పీకకుండా తేల్చుకునే మార్గం అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరా? ఐసీ వీపు నెగటివ్ సరఫరాతో కలిసి ఉంటుంది కనుక, హీట్‌సింక్‌కు కరెంటు తగలకుండా దాని మీద అడ్డుగా పెట్టిన మైకా రేకును కదపడం నాకు ఇష్టం లేదు.