ల్యాండ్ అయ్యాక కూడా గంటన్నర విమానంలోనే కూర్చోబెట్టారు, ఎందుకు?

కిటికీసీటు:
మొన్న రాత్రి ప్రయాణం. దిగే ముందు విమానం బాగా ఊగింది, రన్‌వే లైట్లు కనిపించేంత కిందికొచ్చాక ఇంజిన్లు ఒక్కసారిగా గట్టిగా మోగి మళ్ళీ పైకి లేచిపోయింది. ఒకసారి కాదు, రెండుసార్లు. మూడోసారికి దిగాం. హమ్మయ్య అనుకుంటే విమానం బే (విమానం నిలిపే చోటు) దగ్గరికి వెళ్ళకుండా మధ్యలోనే ఆగిపోయింది, గంటన్నర కదల్లేదు. అప్పటికే వాన వెలిసింది కూడా. కిటికీలోంచి చూస్తే లగేజీ బళ్ళు ఎక్కడివక్కడ వదిలేసి ఉన్నాయి, ఒక్క మనిషి లేడు. పక్కన మా అమ్మ, షుగర్ ఉంది, భోజనం టైం దాటిపోయింది, నాకు ఒకటే టెన్షన్. "వాతావరణం బాగాలేదు" అన్న ఒక్క ముక్క తప్ప ఎవరూ ఏమీ చెప్పలేదు. వాన లేనప్పుడు ఏం వాతావరణం? అంత పెద్ద విమానాన్ని దింపగలిగినవాళ్ళు మెట్లు తెచ్చి పెట్టలేరా? రెండుసార్లు దింపలేకపోవడం పైలట్ తప్పా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ర్యాంప్‌లో తొమ్మిదేళ్ళు:
మీ అమ్మగారు ఇప్పుడు బాగున్నారా? ముందు అది చెప్పండి.

మీకు ఒక్క మనిషీ కనిపించలేదన్నారు కదా, జవాబు అక్కడే ఉంది. అది ర్యాంప్, అంటే విమానాలు నిలిపి సామాను దించే చోటు, మూసేయడం. మూసింది వాన కోసం కాదు, పిడుగుల కోసం. విమానాశ్రయం చుట్టూ ఇన్ని మైళ్ళ లోపు పిడుగు పడితే బయట పనిచేసేవాళ్ళందరూ లోపలికి వెళ్ళిపోవాలని రూల్ ఉంటుంది, దూరం ఎంతన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. వాన వెలిసినా ఆ రూల్ పోదు, ఎందుకంటే మేఘం ఎక్కడో ఉండగా 15 కిలోమీటర్ల అవతల కూడా పిడుగు పడొచ్చు. పైగా ఆఖరి పిడుగు తర్వాత కొన్ని నిమిషాలు ఆగాలి, ఆ లోపు ఇంకోటి పడితే లెక్క మళ్ళీ మొదటికి. గంటన్నర అలాగే అవుతుంది.

లోపల కూర్చున్న మీకు పిడుగు వల్ల పెద్దగా ప్రమాదం లేదు, అది విమానం ఒంటి మీదుగానే పోతుంది. బయట మేం చేసే పని చూడండి. విమానం ఆగగానే ఒకడు విమానం దొర్లకుండా చక్రాల కింద చాక్స్ అనే అడ్డుదిమ్మెలు పెట్టాలి, ఇంకొకడు ముక్కు కింద నిలబడి హెడ్‌సెట్ వైరు విమానానికి తగిలించి పైలట్‌తో మాట్లాడాలి. విమానం మీద పిడుగు పడితే ఆ వైరు పట్టుకున్నవాడి గతి ఏమిటి? ఒకసారి నా పక్కన ఉన్న కుర్రాడు హెడ్‌సెట్ లాగి అవతల పారేశాడు, చెవి దగ్గర చురుక్కుమందన్నాడు, కాసేపు చేతులు వణుకుతూనే ఉన్నాయి. వాడి అదృష్టం, పిడుగు విమానం మీద కాదు, దూరంగా పడింది. ఆ రోజు నుంచి ర్యాంప్ మూసినప్పుడు ప్రయాణికులు ఎంత తిట్టుకున్నా నాకు బాధ లేదు.

ఇంధనం నింపడం కూడా ఆపేస్తారు. అటు రన్‌వే మాత్రం తెరిచే ఉంటుంది కాబట్టి విమానాలు దిగుతూనే ఉంటాయి. పాతవి కదలవు, కొత్తవి వస్తుంటాయి, బేలు నిండిపోతాయి. మీది మధ్యలో ఆగింది అందుకే అయ్యుంటుంది.

రన్‌వే09:
గో అరౌండ్, అంటే దిగకుండా మళ్ళీ పైకి లేవడం గురించి నేను చెప్తాను, పైలట్ శిక్షణలో ఉన్నాను. తప్పు కాదు, చేయాల్సింది అదే. నేల దగ్గర భయపడాల్సింది వాన చప్పుడుకి కాదు, గాలి ఒక్కసారిగా దిశ మార్చడానికి. ఉరుముల మేఘం నుంచి చల్లటి గాలి నిలువుగా కిందికి దూకుతుంది, బిందెతో నీళ్ళు గుమ్మరిస్తే నేల మీద నాలుగు వైపులకీ ఎలా చిమ్ముతాయో అలా పరుచుకుంటుంది. దీన్ని మైక్రోబర్స్ట్ అంటారు, వెడల్పు 4 కిలోమీటర్లు కూడా ఉండదు, కొన్ని నిమిషాల్లో మాయమైపోతుంది. అందులోకి వెళ్ళే విమానానికి ముందు ఎదురుగాలి తగిలి స్పీడు పెరిగినట్టు చూపిస్తుంది, అది నమ్మి పవర్ తగ్గిస్తే అంతే సంగతులు. వెంటనే గాలి కిందికి నొక్కుతుంది, ఆపైన వెనక నుంచి తోస్తుంది, రెక్కలకి అందే గాలి పడిపోతుంది. తేరుకోవడానికి కింద ఎత్తు ఉండదు.

1975 జూన్‌లో న్యూయార్క్‌లో ఈస్టర్న్ 66 అనే విమానం కూలాక వాతావరణ శాస్త్రవేత్త టెట్సుయా ఫుజిటా ఈ సంగతి చెప్తే చాలామంది నమ్మలేదు. 1985 ఆగస్టు 2న డాలస్ ఫోర్ట్‌వర్త్‌లో దిగబోతూ డెల్టా 191 అనే విమానం ఇలాంటి గాలిలోనే చిక్కుకుంది, 137 మంది పోయారు. ఆ తర్వాతే, 1988లో, విండ్‌షియర్‌ని, అంటే గాలి ఇలా ఒక్కసారిగా మారడాన్ని పసిగట్టే పరికరాలు విమానాల్లో ఉండాలని అమెరికా నిబంధన పెట్టింది. ఇప్పుడు కాక్‌పిట్‌లో ఆ హెచ్చరిక మోగితే ఆలోచించడాలు ఉండవు, ఫుల్ పవర్ పెట్టి పైకి పోవడమే. మీకు వినిపించిన ఇంజిన్ మోత బహుశా అదే. ఇంధనం సంగతికొస్తే, మామూలుగా వేరే విమానాశ్రయానికి వెళ్ళేంత, దాని మీద ఇంకో 30 నిమిషాలు గాల్లో ఉండేంత లెక్కగట్టుకునే బయల్దేరతారు.

నిజం కావాలి:
ఇదంతా ఒప్పుకుంటాను కానీ ప్రతిదానికీ వాతావరణం పేరు చెప్పడం కూడా చూశాను. నా ఫ్లైట్ ఒకసారి ఐదు గంటలు లేటు, బయట ఎండ మండిపోతోంది. అడిగితే వాతావరణం అన్నారు.

రన్‌వే09:
మీ ఎండ నిజమే, వాళ్ళ మాట కూడా నిజం అయ్యుండొచ్చు. మీరెక్కాల్సిన విమానం ఇంకో ఊరి నుంచి రావాలి, అక్కడ పొగమంచు ఉంటే అది కదలదు. పొగమంచులో దిగడానికి పరికరాలు ఉన్నా విమానాల మధ్య ఎడం పెంచాలి, రన్‌వే దగ్గర ఉన్న విమానం వల్ల దిగే విమానానికి దారి చూపే రేడియో సిగ్నల్ చెదరకూడదు కదా, అందుకే గంటకి దిగే సంఖ్య బాగా తగ్గిపోతుంది. ఈలోపు సిబ్బంది డ్యూటీ గంటలు అయిపోతే వాళ్ళు ఎగరకూడదు, వేరేవాళ్ళు రావాలి. అయితే ఇవేవీ చెప్పకుండా ఒక్క మాటతో సరిపెట్టడం మాత్రం వాళ్ళ తప్పే. నాకూ కోపం వస్తుంది.

ర్యాంప్‌లో తొమ్మిదేళ్ళు:
ఔను, చెప్పాలి. ఇంకోటి, వాన నిలిచాక రన్‌వే మీద నీళ్ళు ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నాయో కూడా చూసి, రన్‌వేని మూడు భాగాలు చేసి, ఒక్కో భాగం ఎంత జారుడుగా ఉందో 0 నుంచి 6 వరకు నంబర్ ఇచ్చి పైలట్లకి చెప్తారు, 2021 నవంబర్ నుంచి అంతటా ఇదే పద్ధతి. టైరుకీ నేలకీ మధ్య నీటి పొర చేరితే బ్రేకు పట్టదు, అందుకని. దానికీ కొంత టైం పోతుంది.

కిటికీసీటు:
అమ్మ బాగానే ఉంది అండీ. పక్క సీటావిడ బ్యాగులో బిస్కెట్లు ఉంటే ఇచ్చింది. హెడ్‌సెట్ విషయం చదివి వినిపించాను. ఆ రాత్రి వాళ్ళని నేనూ నోటికొచ్చినట్టు అన్నాను, అమ్మ అది గుర్తుచేసి "ఆ పిల్లాడికి ఏమీ కాలేదు కదా" అని అడగమంది.

ర్యాంప్‌లో తొమ్మిదేళ్ళు:
ఏమీ కాలేదని చెప్పండి, ఇప్పుడు కొత్తవాళ్ళకి శిక్షణ ఇస్తున్నాడు. ఈసారి ఇలా ఆగిపోతే షుగర్ ఉందని క్యాబిన్ క్రూకి వెంటనే చెప్పండి, ఉన్నదేదో తినడానికి ఇస్తారు, మరీ బాగోకపోతే పైలట్ కిందికి కబురు చేస్తాడు. మొహమాటపడొద్దు.